సర్కారు అప్పు తెచ్చి ఖర్చు పెట్టడం తప్పా? నల్లగొండ, పాలమూరు జనం ఏమంటారు?

నల్లగొండ ఎకనామిక్స్ లెక్చరర్:
రాష్ట్రాలు ఏటా తెచ్చే కొత్త అప్పు జీఎస్‌డీపీలో, అంటే రాష్ట్రంలో ఏడాదిలో తయారయ్యే సరుకులు, సేవల మొత్తం విలువలో, సుమారు 3 శాతం లోపే ఉండాలని పరిమితి. ఆ కాస్త డబ్బుతో ప్రాజెక్టులు కట్టాలా, జనం చేతికివ్వాలా? నా ఓటు ప్రాజెక్టులకే. సాగర్‌కు 1955లో పునాది వేస్తే 1967లో కాలువల్లోకి నీళ్లొచ్చాయి. లాభం కోసం పన్నెండేళ్లు ఆగే ప్రైవేటు కంపెనీ ఏది? ఎడమ కాలువ లేకపోతే మిర్యాలగూడలో అన్ని రైస్ మిల్లులు ఎక్కడివి? చేతికిచ్చిన డబ్బు నెలలో ఆవిరైపోతుంది.

పాలమూరు బిడ్డ:
సార్, సాగర్ సంగతి ఒప్పుకుంటా. ఆవిరైపోతుందన్న మాట మాత్రం ఒప్పుకోను.

మాది మక్తల్ దిక్కు. దసరా దాటితే గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు ఇచ్చిపోయేవాడు. అమ్మానాన్న పుణె బస్సెక్కేవాళ్లు, నేను అవ్వ దగ్గర ఉండేవాణ్ని. 2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే మా జిల్లాకు వచ్చింది. కొన్నేళ్లకు అమ్మ వలస మానేసి చెరువు పూడిక పనికి పోయింది. కూలి పడిన రోజు ముందు కిరాణా దుకాణానికే వెళ్లేది. ఖాతా పుస్తకంలో మా బాకీ మీద గీత కొట్టించి, అది కళ్లారా చూసుకున్నాకే పప్పు, నూనె తీసుకునేది. ఆ డబ్బుతోనే దుకాణమాయన కొత్త సరుకు తెచ్చేవాడు, ఆటో అన్నకు కిరాయి దొరికేది. పుణె కూలి అయితే సగం అడ్వాన్సు కిందే పోయేది. ఇది ఆవిరవడం ఎట్లయితది సార్? పైగా నా బడి ఆగలేదు.

దేవరకొండ కౌలు రైతు:
చేతికివ్వడం మంచిదే, ఎవరి చేతికన్నదే నా బాధ. 2018లో రైతుబంధు ఎకరాకు పంటకు 4 వేలతో మొదలైంది. నేను దున్నేది ఆరెకరాలు. పాస్‌బుక్ ఉన్న ఆసామి హైదరాబాద్‌లో ఉంటాడు, డబ్బులు ఆయనకే పడ్డాయి. విత్తనాలకు నేను మిత్తికి తెచ్చుకున్నా.

నల్లగొండ ఎకనామిక్స్ లెక్చరర్:
పాలమూరు తమ్ముడూ, ఆవిరన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పేదల చేతికి పోయిన రూపాయి ఊర్లోనే తిరుగుతుంది. కౌలు రైతు చెప్పిందీ నిజమే, భూమి కాగితం చూసి ఇస్తే సాగుచేసేవాడికి అందదు.

ప్రాజెక్టుల మాట మాత్రం వదలను, కాకపోతే మొదలుపెట్టింది పూర్తి చేయాలి. ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. ఇరవై ఏళ్లకు కూడా పూర్తికాక, 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి 8 మందిని మింగింది. చుక్క నీరు రాకముందే మిత్తి నడుస్తూ ఉంటుంది. కొత్త శంకుస్థాపనలు ఆపి ముందు ఇలాంటివి ముగించాలి.

దేవరకొండ కౌలు రైతు:
ఆ సొరంగం నీళ్లు రావాల్సింది మా దిక్కుకే సార్. మా నాయిన ఎదురుచూసి ఎదురుచూసి పోయిండు. నిరుడు వేసిన బోరు 700 అడుగులు దిగినా దుమ్మే లేచింది.