ఇంకో మహమ్మారి వస్తే ప్రచారానికి ప్రభుత్వం డబ్బు పెట్టాలా? పెడితే ఎవరి చేతికివ్వాలి?

రేగడినేల:
కోవిడ్ కాలంలో ప్రభుత్వాలు చేసిన ప్రచారం గురించి మనం ఇక్కడ ఒక్కసారి కూడా సరిగా మాట్లాడుకోలేదు. నా అభిప్రాయం ఇది. మళ్లీ అలాంటిది వస్తే పేపర్లో ఫుల్ పేజీ ప్రకటనలకు, టీవీ యాడ్లకు, హోర్డింగులకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు. ఆ డబ్బంతా ఆశా కార్యకర్తలకు, ఏఎన్ఎంలకు వెళ్లాలి. జ్వరం వచ్చిన ఇంటి గడప దగ్గర నిలబడి మాట్లాడింది వాళ్లే.

మా అమ్మ ఆశా. కోవిడ్ పనికి అదనంగా నెలకు వెయ్యి రూపాయలన్నారు. అదీ నెలల తరబడి రాలేదు. మొదటి సర్వేకి పాత చీర చింపి మాస్కు కుట్టుకుని వెళ్లింది. అదే వారం పేపర్లో నాయకుల నవ్వు ముఖాలతో ‘మాస్కు ధరించండి’ అని రంగుల పేజీ. ఆ పేజీ డబ్బుతో మా మండలంలో ఆశాలందరికీ మాస్కులు వచ్చేవి.

మంజీర:
ఆశాలకు డబ్బివ్వాలంటే కాదనేవాళ్లు ఎవరూ ఉండరు. ప్రకటనలే వద్దంటే మాత్రం ఒప్పుకోను. ఉమ్మడి రాష్ట్రంలో ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ హోర్డింగులు గుర్తున్నాయా? అప్పటిదాకా ఇంట్లో ఎవరూ నోరెత్తని విషయం బస్టాండులో, టీకొట్టు దగ్గర మాట్లాడుకున్నారు. అది డబ్బు పెట్టి చేసిన ప్రచారమే.

ఒక ఆశాకు దాదాపు వెయ్యి మంది జనాభా ఉంటారు. వారంలో పరిస్థితి తలకిందులైపోతే ఆమె ఎన్ని ఇళ్లు తిరుగుతుంది? 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో తిరిగింది. కోళ్ల రైతులు మునిగిపోయారు. చివరికి హైదరాబాద్‌లో అప్పటి తెలంగాణ మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్ వేదికెక్కి అందరి ముందు చికెన్ తిన్నారు. ఆ సభ పెట్టింది కోళ్ల పరిశ్రమ వాళ్లు! ప్రభుత్వం ముందే డబ్బు పెట్టి చెప్పాల్సిన మాట అది.

ఉల్లిబండి:
అవన్నీ సరే, ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గుతో వినిపించిన ఆ కోవిడ్ కాలర్ ట్యూన్‌కి ఎంత ఖర్చయిందో ఎవరైనా చెప్పండి.

కొండపల్లి బొమ్మ:
దానికి ప్రభుత్వం ఖర్చేముంది? టెలికాం శాఖ ఆదేశమిస్తే కంపెనీలు పెట్టాయి.

ఉల్లిబండి:
ఖర్చు జనానిది. 2021 మేలో మా బాబాయికి ఆక్సిజన్ సిలిండర్ కోసం రాత్రంతా ఫోన్లు చేశాం. ప్రతి కాల్‌కీ ముందు ఆ సందేశం పూర్తిగా వినాల్సిందే. వ్యాక్సిన్ వేయించుకోండని చెప్పేది, సెంటర్‌కి వెళితే స్టాకు లేదు. ఢిల్లీ హైకోర్టు కూడా అప్పుడు కేంద్రాన్ని ఇదే అడిగింది, చేతిలో టీకాలు లేకుండా టీకా వేయించుకోమని ఎన్నాళ్లు వినిపిస్తారని.

కొండపల్లి బొమ్మ:
ఒకటి నొక్కితే ఆగిపోయేది కదా.

ఉల్లిబండి:
మా పిన్నికి తెలియదు. ఆమెది బటన్ల ఫోను. ఆ రాత్రి ఆమె పక్కన మీరు లేరు.

తెల్లకోటు:
కాలర్ ట్యూన్ దగ్గరే ఆగిపోతున్నాం. నేను పీహెచ్‌సీలో డాక్టర్‌ని, చూసింది చెబుతాను.

మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. అక్కడిదాకా రావడానికి టీవీలో అమితాబ్ బచ్చన్ చెప్పడమూ పనికొచ్చింది. కానీ ఉత్తరప్రదేశ్‌లో చుక్కలు వద్దని తలుపులు వేసుకున్న ఇళ్లు తెరిపించింది మాత్రం యూనిసెఫ్ సాయంతో పెట్టిన ఊరి మహిళలు, వాళ్లతో కలిసి నడిచిన మసీదు పెద్దలు. వాళ్లకు శిక్షణ ఇచ్చారు, డబ్బిచ్చారు. మన దగ్గర కూడా 2021 జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క రోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. అది పేపర్ ప్రకటన చూసి వచ్చిన జనం కాదు. వాలంటీర్లు, ఆశాలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వెళ్లి పిలిస్తే వచ్చారు.

అలాగని ప్రకటనలు వద్దననూ లేను. అదే ఏడాది మే 1 నుంచి 18-44 ఏళ్లవాళ్లు ఆన్‌లైన్లో పేరు నమోదు చేసుకుంటేనే టీకా అన్నారు. ఆ నమోదు చేసే వెబ్‌సైటు కోవిన్ తెలుగులోకి వచ్చింది జూన్‌లో. ఆ మధ్యలో జనానికి ఏం చేయాలో ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అదే మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన నాటు మందుకు వేలమంది ఎగబడ్డారు. మా పేషెంటు ఒకాయన ఆక్సిజన్ పడిపోతుంటే ఆసుపత్రికి రాకుండా కారులో అక్కడికి బయలుదేరాడు. ఖాళీ వదిలితే ఎవరో ఒకరు వచ్చి నింపుతారు.

రేగడినేల:
డాక్టర్ గారూ, మీరు చెప్పిన రెండు ఉదాహరణల్లోనూ పని చేసింది మనుషులే. నేనన్నదీ అదే. మంజీర గారు మాత్రం ఆ మాట వదిలేసి పులిరాజా చుట్టూ తిరుగుతున్నారు.

మంజీర:
మీ అమ్మగారికి రావాల్సిన బకాయి తీసుకొచ్చి రాష్ట్రం మొత్తానికి విధానం రాస్తున్నారు. బకాయి అన్యాయమే. దానికి ప్రకటనలెందుకు ఆపాలి?

రేగడినేల:
ఎందుకో మీకు బాగా తెలుసు. మీరు పేపర్లో పనిచేస్తారని పాత పోస్టుల్లో మీరే రాశారు. ప్రభుత్వ ప్రకటనలు ఆగితే ఎవరి జీతం ఆగుతుందో అందరికీ అర్థమవుతోంది. జనారోగ్యం పేరు చెప్పి మీ పేపర్‌ని బతికించమంటున్నారు.

మోడరేటర్:
ఉద్యోగాల మీదికి వెళ్లొద్దు. విషయం మీద మాట్లాడండి.

మంజీర:
మాట్లాడనివ్వండి సార్, జవాబు చెబుతాను. లాక్‌డౌన్‌లో మా జీతాలు కోశారు, కొందరిని తీసేశారు. ప్రకటనలు వస్తే నాలుగు ఉద్యోగాలు నిలిచేవి, అది దాచాల్సిన పనేమీ లేదు. కానీ నేను ఇక్కడ కొట్లాడుతున్నది అందుకు కాదు.

మా నాన్నకు జ్వరం వచ్చింది. మీ అమ్మగారి లాంటి ఆశానే మా ఇంటికి వచ్చింది, ఓపిగ్గా అడిగింది. ఆయన ఏమీ లేదన్నాడు. ఎందుకంటే ఆమె చేతిలో జ్వరం ఉన్నవాళ్ల పేర్లు రాసే జాబితా ఉంది. రెండిళ్ల అవతల పాజిటివ్ వస్తే తలుపుకు కాగితం అంటించారు, వీధికి కర్రలు కట్టారు, ఆ ఇంటికి పాలు పోసేవాడు కూడా రాలేదు. చెన్నైలో డాక్టర్ సైమన్ హెర్క్యులస్ కోవిడ్‌తో చనిపోతే పూడ్చనివ్వకుండా అంబులెన్సు మీద రాళ్లేశారు. మా నాన్న టీవీలో అదంతా చూశాడు. పోతే తన శవం కూడా ఇంటికి రాదని భయపడ్డాడు. జ్వరం దాచుకున్నాడు. ఊపిరి అందనప్పుడు చెప్పాడు. అప్పటికి ఆలస్యమైపోయింది.

‘చెప్పుకుంటే మిమ్మల్ని వెలేయరు, చాలామంది ఇంట్లోనే ఉండి కోలుకుంటారు, ఆక్సిజన్ ఇంత తగ్గితే ఆసుపత్రికి రండి’ అని పొద్దునా సాయంత్రం చెప్పాల్సింది. డబ్బు పెట్టి చెప్పాల్సింది. ఎంతసేపూ మాకు వినిపించింది దగ్గు, అంకెలు, జరిమానాలు.

రేగడినేల:
మీ నాన్నగారి విషయం వింటే బాధగా ఉంది.

కానీ ఆ జాబితా మా అమ్మ ఇష్టపడి రాయలేదు. రోజూ సాయంత్రానికి పేర్లు పంపాలని పైనుంచి ఫోన్లు. పేరు రాసినందుకు ఒక ఇంటివాళ్లు ఇప్పటికీ మాతో మాట్లాడరు. తిరిగొచ్చాక ఆమెను మా సొంత వీధిలో బోరింగు దగ్గరికి రానివ్వలేదు. భయపెట్టమని పంపింది ప్రభుత్వం, ఆ భయానికి జనం నిందించింది ఆమెను. మీరు కూడా ఇప్పుడు ఆ జాబితా దగ్గరికే వచ్చారు.

మంజీర:
నేను ఆమెను అనలేదు. ధైర్యం చెప్పే మనిషినీ పట్టించే మనిషినీ ఒక్కరినే చేశారంటున్నాను. అలాంటప్పుడు ఆశాకు ఎంత డబ్బిచ్చినా జనం తలుపు తీసి నిజం చెప్పరు. అందుకే ముందు బయట నుంచి ఒక మాట గట్టిగా వినబడాలంటున్నాను.

రేగడినేల:
అయితే జాబితా పని ఆశాల చేతిలోంచి తీసేయండి. రెవెన్యూ వాళ్లకివ్వండి.

తెల్లకోటు:
అది కుదరదు. ఏ ఇంట్లో ఎవరికి జ్వరమో తెలియకుండా మందుల కిట్ ఎవరికిస్తాం? ఆక్సిమీటర్ ఎవరికి పెడతాం? తెలంగాణలో 2021 మేలో జ్వర సర్వే చేసినప్పుడు కిట్ చేతిలో పెట్టి పేరు అడిగారు. అక్కడ నాతో పనిచేసిన వాళ్ల మాట ప్రకారం జనం దాచడం తగ్గింది.

కొండపల్లి బొమ్మ:
కిట్‌కి డబ్బు వైద్యం ఖాతాలోది. ప్రచారం ఖాతాలోది కాదు.

తెల్లకోటు:
ఖాతా ఏదైనా జనానికి అది ఒకటే కబురు.

మంజీర:
అదే కబురు మొదటి నెలలోనే పేపర్లో, రేడియోలో వచ్చుంటే మా నాన్న వినేవాడు. ఆయన పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవాడు.

రేగడినేల:
వచ్చినా, దాని పైన నాయకుడి ఫొటో ఉంటే ఆ పార్టీ అంటే పడనివాళ్లు పేజీ తిప్పేస్తారు. ఫొటో లేకుండా, వైద్యశాఖ పేరుతో, ఫోన్ నంబరుతో వేస్తామంటే అప్పుడు మాట్లాడదాం. అప్పుడైనా ఆశాల బకాయి తీర్చిన తర్వాతే.

ఉల్లిబండి:
ఫొటోల మీద సుప్రీంకోర్టు 2015లోనే ఆంక్షలు పెట్టింది కదా?

కొండపల్లి బొమ్మ:
పెట్టింది. రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప వద్దంది. రాష్ట్రాలు మళ్లీ కోర్టుకు వెళితే 2016లో ముఖ్యమంత్రులు, మంత్రుల ఫొటోలకు కూడా అనుమతిచ్చింది.

మంజీర:
ఫొటో లేకుండా అయితే నాకు సమ్మతమే. బకాయి తీరేదాకా ఆగమంటే మాత్రం కాదు. మొదటి వారమే చెప్పాలి.