మినీడీవీ టేపుల్లోని పెళ్లి వీడియో కంప్యూటర్‌లోకి ఎలా?

పాత టేపులు:
2005లో జరిగిన మా అక్క పెళ్లి ఏడు మినీడీవీ టేపుల్లో ఉంది. క్యామ్‌కార్డర్ ఇంకా పనిచేస్తోంది. యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు తగిలిస్తే మెమరీ కార్డులోని ఫొటోలు మాత్రమే కనిపిస్తున్నాయి, టేపు జాడే లేదు. అప్పగింతలప్పుడు మా తాతయ్య మాట్లాడిన రెండు నిమిషాలు విడిగా కత్తిరించి ఇమ్మని అక్క అడుగుతోంది. దారి చెప్పగలరా?

గోదారి గట్టు:
అలాంటి కెమెరాల్లో యూఎస్‌బీ ఎక్కువగా ఫొటోల కోసమే. మీ కెమెరా మీద ‘డీవీ’ అని రాసిన చిన్న సాకెట్ కోసం వెతకండి. అదే ఫైర్‌వైర్, టేపులోని వీడియో కంప్యూటర్‌కు వెళ్లే దారి. సోనీ వాళ్లు ఐ-లింక్ అన్నారు. కెమెరా వైపు నాలుగు పిన్నులు, కంప్యూటర్ కార్డు వైపు సాధారణంగా ఆరు. డెస్క్‌టాప్ ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు వేయించండి. ఒక చివర యూఎస్‌బీ, మరో చివర ఫైర్‌వైర్ ఉన్న చవక వైరు మాత్రం కొనకండి. నేను కొన్నాను. బట్టలారేయడానికి కూడా పొట్టిదైంది.

పాత టేపులు:
ధన్యవాదాలండీ. డెస్క్‌టాప్ ఉంది. ఒక్క రాత్రిలో ఏడూ ఎక్కించేయవచ్చా?

రీలు పిచ్చి:
గంట టేపుకు గంట పడుతుంది. టేపు ఆడుతుంటే ఫైలు తయారవుతుంది, తొందరపెట్టే వీలు లేదు. గంటకు సుమారు 13 జీబీ, అంటే ఏడింటికి 90 జీబీ పైమాటే. బయటి డిస్కు ఫ్యాట్32 అనే ఫైళ్లు దాచే పద్ధతిలో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు. మా ఇంట్లో ఇరవై నిమిషాలకే ఆగిపోయింది, సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే ముందు! డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతికి మార్చుకోండి. విండోస్‌లో విన్‌డీవీ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ చాలు. విండోస్ 10లో కెమెరా కనిపించకపోతే పాత 1394 (ఫైర్‌వైర్‌కే మరో పేరు) డ్రైవర్ వేసి చూడండి.

డాలస్ తెలుగు:
మ్యాక్ ఉన్నవాళ్లకు ఒక మాట. థండర్‌బోల్ట్ నుంచి ఫైర్‌వైర్‌కు అడాప్టర్లు వరసగా తగిలించి నేను పని ముగించాను. కానీ మ్యాక్‌ఓఎస్ 26లో ఫైర్‌వైర్ తీసేశారు. పాత మ్యాక్ ఉంటే దాన్ని అలాగే ఉంచుకోండి.

వీడియో మేస్త్రి:
ఇరవై ఏళ్లు పెళ్లిళ్లు తీశాను కనుక చెబుతున్నాను. ముందుగా టేపును చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చుకోండి. ఇన్నేళ్లు కదలని టేపు పొరలు అంటుకుని ఉండవచ్చు. బ్యాటరీతో కాదు, కరెంటు అడాప్టర్‌తో నడపండి. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగితే హెడ్‌కు, అంటే టేపును చదివే భాగానికి, మురికి పట్టినట్టే, క్లీనింగ్ క్యాసెట్ కొన్ని సెకన్లు ఆడిస్తే చాలు. అతిగా ఆడిస్తే హెడ్ అరిగిపోతుంది. ఎల్‌పీ (లాంగ్ ప్లే, అంటే టేపు నెమ్మదిగా తిరిగే) వేగంలో తీసిన టేపు వేరే కెమెరాలో సరిగా ఆడకపోవచ్చు, తీసిన కెమెరాలోనే ప్రయత్నించండి. ఎడిటింగ్‌లో ప్రాజెక్టు 720×576, 25 ఫ్రేములుగా పెట్టుకోండి. కదలికల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే భయపడవద్దు, అది ఇంటర్‌లేస్ వల్ల, అంటే ఒక్కో బొమ్మను గీత విడిచి గీతగా రెండు విడతల్లో తీయడం వల్ల. చివర్లో కాపీలో సరిచేయండి, అసలు ఫైలును ముట్టుకోవద్దు.

పాత టేపులు:
కార్డు వేయించాను. నాలుగు టేపులు పూర్తయ్యాయి. అయిదోదానిలో గళ్లు వచ్చాయి, క్లీనింగ్ క్యాసెట్‌తో పోయాయి. మేస్త్రి గారికి నమస్కారం. తాతయ్య మాట్లాడింది నిజానికి నలభై సెకన్లే. మిగతాదంతా “ఎర్ర లైటు వెలుగుతోందా? తీస్తున్నావా?” అని కెమెరా అబ్బాయిని అడగడమే. అదీ కత్తిరించవద్దంది అక్క.