దొడ్లో బాత్రూం దాకా అమ్మ అలారం అందట్లేదు, రిపీటర్ పెట్టించాలా?

వైనతేయ_కుర్రాడు
అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర ఊరు. నేను మియాపూర్లో ఉంటాను, అమ్మ ఒక్కర్తే ఊళ్ళో. నాన్నగారు పోయాక ఎంత బతిమాలినా హైదరాబాద్ రానంటోంది. అందుకని ఒక అలారం సెట్ కొన్నాను. మెడలో వేసుకునే లాకెట్‌కి మీట ఉంటుంది, హాల్లో సిమ్ వేసిన పెట్టె ఉంటుంది. మీట నొక్కితే పెట్టె వరసగా నాలుగు నంబర్లకి ఫోన్ చేస్తుంది. 433 మెగాహెర్ట్జ్ రకం. ఇంట్లో ఏ గదిలో నొక్కినా మోగుతోంది, దొడ్లో బాత్రూంలో నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. మధ్యలో మూరెడు మందాన పాత మండువా ఇంటి గోడ, వంటిల్లు, దాని వెనక కురిడీలు పోసే రేకుల షెడ్డు. పెద్దవాళ్ళు పడేదే బాత్రూంలో, అక్కడ పనిచెయ్యకపోతే ఇక ఇదెందుకు?

కాకినాడలో షాపతను మధ్యలో సిగ్నల్ అందుకుని మళ్ళీ పంపే రిపీటర్ పెట్టమన్నాడు. మా షెడ్డుకి కరెంటు లేదు. పక్కింటివాళ్ళ వెనక గోడ సరిగ్గా బాత్రూంకి ఎదురు, ప్లగ్గు కూడా ఉంది, అక్కడ బిగిద్దామనుకుంటున్నాను. మా బావగారు ఇంగ్లండులో ఉంటారు, అక్కడి సెట్టూ రిపీటరూ కలిపి తెస్తానంటున్నారు. ఎవరైనా వాడి ఉంటే చెప్పండి.

నిబంధన_ప్రకారం
ముందు ఇది తెలుసుకోండి. మన దేశంలో మామూలు మనుషులు రిపీటర్ పెట్టడం నేరం. టెలికాం కంపెనీలు తప్ప ఎవరూ కొనకూడదు, అమ్మకూడదు, బిగించకూడదని 2022 జనవరిలో టెలికాం శాఖ స్పష్టంగా చెప్పింది. మా వీధిలో ఒకాయన డాబా మీద పెట్టుకుంటే వీధి వీధంతా ఫోన్లు మూగబోయాయి. ఫిర్యాదు పెట్టింది నేనే. వచ్చి పీక్కుపోయారు.

ఏటిగట్టు
పక్కింటి గోడకి అన్నారు. కరెంటు ఎవరి మీటరు మీదండి?

రేడియో_మాస్టారు
నిబంధన గారూ, మీరు చెప్పేది మొబైల్ బూస్టర్. టవర్ సిగ్నల్ని పట్టి పెంచి వదిలే పెట్టె. అది తప్పే, కాదనను. ఈయన అడిగేది వేరు. లాకెట్ పంపిన కోడ్‌ని విని, ఒక్క క్షణం ఆగి, అదే కోడ్‌ని తను మళ్ళీ పంపుతుంది, అంతే. మీ సెల్లు 200 మిల్లీవాట్ల దాకా వాడుతుంది, ఇది 10 మిల్లీవాట్లు. దీనివల్ల ఎవరి ఫోనూ మూగబోదు.

కుర్రాడుగారూ, ఇంగ్లండు సరుకు మాత్రం తెప్పించకండి. యూరప్‌లో 869.2 మెగాహెర్ట్జ్ దగ్గర చిన్న ముక్కని ఈ ముసలివాళ్ళ అలారాల కోసమే విడిగా ఉంచారు. అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఇక్కడ 869 నుంచి 889 దాకా సెల్ టవర్లు మాట్లాడే బ్యాండు. ఆ హోరులో లాకెట్ గొంతు ఎవడికి వినపడుతుంది? పైగా మన దగ్గర లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చేది 865 నుంచి 868 వరకు, ఇంకా 433-434. ఇంకో సంగతి. బ్రిటన్‌లో పాత రాగి తీగల ఫోన్ లైన్లని 2027 జనవరి చివరికల్లా తీసేస్తున్నారు. వాటికి తగిలించే పాత సెట్లు ఇప్పుడు చవగ్గా దొరుకుతాయి. మీ బావగారికి దొరికింది అలాంటిదేమో కనుక్కోండి. మీ ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉందా అసలు?

ఇక ఎక్కడ బిగించాలన్నది. చాలామంది సిగ్నల్ చచ్చిపోయిన చోట పెడతారు. ఉపయోగం లేదు. రిపీటర్ లాకెట్‌ని వినాలి, తన మాట హాల్లో పెట్టెకి వినపడాలి, రెండూ కుదిరే చోటు వెతకాలి. రేకుల షెడ్డు వెనక్కి పోకండి, రేకు రేడియోని తిప్పి కొడుతుంది. చూరు కింద, ఎత్తులో, షెడ్డుకి పక్కగా పెట్టండి. కొనేటప్పుడు ఒకటి తప్పకుండా అడగండి: కరెంటు పోయినా, తను చెడిపోయినా పెట్టెకి కబురు పంపుతుందా అని. కొన్ని గంటలకోసారి "ఉన్నాను" అని చెప్పే రకాలున్నాయి. చవక రకాలకి ఆ గుణం ఉండదు. అది చచ్చి గోడకి వేలాడుతూ ఉంటుంది, మీరు మియాపూర్లో నిశ్చింతగా నిద్రపోతారు.

అంబాజీపేట_కాయ
ఈ సిగ్నళ్ళు ఎక్కువయ్యాకే కొబ్బరికి తెల్లదోమ పట్టింది. ఇంకా రిపీటర్లు కూడానా.

రేడియో_మాస్టారు
తెల్లదోమ పురుగండీ బాబూ. దానికి సెల్లు లేదు.

నిబంధన_ప్రకారం
మాస్టారు సగం చెప్పి సగం మింగేశారు. 433-434 మినహాయింపు 2012 నాటి రూల్సు. పేరులోనే ఉంది, ఇంటి లోపలి వాడకానికి అని. దొడ్లో బాత్రూం ఇంటి లోపల కాదు. పక్కింటి గోడ అసలే కాదు. ఇప్పుడేమంటారు?

రేడియో_మాస్టారు
బాత్రూంకి నాలుగు గోడలూ పైన శ్లాబూ ఉంటే అది లోపలే.

నిబంధన_ప్రకారం
లోపల అంటే నివాసం లోపల. దొడ్డి నివాసం కాదు.

రేడియో_మాస్టారు
మా ఊళ్ళో దొడ్లోనే సగం కాపురం. సరే, అంత పట్టింపైతే 865-868 రకం కొనమనండి, దానికి ఈ లోపలా బయటా గొడవ లేదు. టెలికాం శాఖ వారి ఈటీఏ, అంటే ఆ రకం పరికరానికిచ్చే ఆమోదం, ఉందో లేదో చూసుకుంటే చాలు. ఆ రేడియో అలల పొడవు ముప్పై అయిదు సెంటీమీటర్లే కాబట్టి తడిసిన మట్టల్లోంచీ తడి గోడల్లోంచీ రావడానికి కొంచెం ఎక్కువ ఇబ్బంది పడుతుంది. శ్రావణంలో ఓసారి, ఎండల్లో ఓసారి పరీక్ష చేసుకోవాలి.

లంకల_గన్నవరం
ఆయ్, ఈ గోలంతా ఎందుకండి, బాత్రూం ఇంట్లోకి కట్టించేస్తే పోలా.

వైనతేయ_కుర్రాడు
కట్టించాను సార్. అటాచ్డ్, గీజరు, పట్టుకోడానికి రాడ్లు అన్నీ. అమ్మ అందులోకి వెళ్ళదు. ఇంట్లో అది ఉండటమే ఆవిడకి మైల. మా పిల్లలొచ్చినప్పుడు వాడతారు.

ఏటిగట్టు
నా ప్రశ్నకి జవాబు రాలేదు. కరెంటు ఎవరిది? 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా లంకలకి కరెంటు ఎన్నాళ్ళకి వచ్చిందో పేపర్లో చదివే ఉంటారు. అప్పుడు మీ రిపీటర్ ఎంతసేపు బతుకుతుంది? బ్యాటరీ అయిపోతే చూసేది ఎవరు? ప్లగ్గులోంచి జారిపోతే మళ్ళీ గుచ్చేది ఎవరు? మాస్టారు దాని గుణగణాలన్నీ చెప్పారు. "పోయాను" అని అది కబురు పంపితే లేచి వెళ్ళేది ఎవరు?

వైనతేయ_కుర్రాడు
అది తినే కరెంటు ఒక వాటో రెండు వాట్లో. నెలకి ఎంతవుతుంది చెప్పండి? బిల్లు నేను కట్టేస్తాను, కావాలంటే ఏడాదిది ముందే ఇచ్చేస్తాను. ఆ ఇంటి బాబాయ్ మాకు బంధువులకన్నా ఎక్కువ.

పెరటి_మందారం
ఒక మాట అడగనా? అమ్మగారు స్నానానికి వెళ్ళేటప్పుడు లాకెట్ మెడలో ఉంటుందా? మా అత్తగారికీ ఇలాంటిదే తెచ్చారు మా మరిదిగారు. నీళ్ళు పడితే పాడైపోతుందని ఆవిడ దాన్ని వంటింటి గుమ్మం పక్కన మేకుకి తగిలించి వెళ్తారు. తడవకూడదని మళ్ళీ పాలప్యాకెట్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు వేసి. బాత్రూంలో పడితే మేకు నొక్కాలి.

రేడియో_మాస్టారు
మంచి మాట అన్నారమ్మా. నీళ్ళకి ఆగే రకమైతే కొన్న అట్టపెట్టె మీదే రాసి ఉంటుంది, ఐపీ 67 అని. పెద్దావిడ ముందు బకెట్లో ముంచి, తీసి, నొక్కి మోగించి చూపించండి. అప్పుడు నమ్ముతారు.

ఇంకోటి చెప్పాలి. నుంచుని నొక్కి చూసుకుని "వచ్చింది" అనుకుంటారు. పడ్డ మనిషి నుంచుని ఉండరు కదా. ఎవరైనా ఆ బాత్రూంలో గచ్చు మీద బోర్లా పడుకుని, లాకెట్ గుండెకీ నేలకీ మధ్య నలిగేలా పెట్టి, తలుపు మూసి నొక్కాలి. మనిషి ఒళ్ళు సగం నీరే, సిగ్నల్ని తాగేస్తుంది. అలా నొక్కినా మోగితేనే మోగినట్టు.

రాత్రి_డ్యూటీ
నర్సుని. ఎముక విరగడం ఒక ఎత్తు, విరిగాక తెల్లారేదాకా అలాగే పడి ఉండటం ఒక ఎత్తు. కిడ్నీలు దెబ్బతిని వస్తారు. రిపీటరో ఇంకోటో, మోగేలా చేసుకోండి. పెద్దల కోసమే ఉన్న 14567 పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకానే. రాత్రికి 108 ఉంది, కానీ వాళ్ళకి తలుపు తీసేవాళ్ళుండాలి.

థేమ్స్_ఒడ్డున
ఇక్కడ బ్రిటన్‌లో ఇలా నలుగురి ఫోన్లకి పోదు. మీట నొక్కితే 24 గంటలూ మనుషులుండే సెంటర్‌కి పోతుంది. హాల్లో పెట్టెలోంచే "ఏమైందండీ" అని అడుగుతారు. జవాబు లేకపోతే తాళంచెవి ఉన్నవాళ్ళకి ఫోన్ చేస్తారు. గుమ్మం పక్కన నంబర్ నొక్కి తెరిచే చిన్న తాళాలపెట్టె కూడా పెట్టించుకుంటారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ముందే వాళ్ళని అడిగి ఒప్పించి రాసుకుంటారు. అదంతా నెలనెలా కట్టే సేవ. అక్కడి లాకెట్ ఒక్కటే ఇక్కడికి తెచ్చుకుంటే మిగతా సగం అక్కడే ఉండిపోతుంది.

నిబంధన_ప్రకారం
దొడ్డి విషయం ఇంకా తేలలేదు.

ఏటిగట్టు
థేమ్స్ గారు ఒప్పించి రాసుకుంటారన్నారు చూడండి, అదే. కుర్రాడుగారూ, ఆ నాలుగు నంబర్లు ఎవరెవరివి?

వైనతేయ_కుర్రాడు
మొదటిది బాబాయ్‌ది. తర్వాత నాది, బావగారిది, ఊళ్ళో డాక్టరుగారిది. ఇందులో తప్పేముంది? నేను మియాపూర్నుంచి వచ్చేసరికి రాత్రి గడిచిపోతుంది, దగ్గరున్నవాళ్ళదే ముందు పెడతారు ఎవరైనా. మీరు మొదట్నుంచీ కరెంటు కరెంటు అని పట్టుకున్నారు. పక్కింటి ముసలావిడ కోసం రూపాయి కరెంటు కూడా బరువైపోయిందా మన ఊళ్ళలో? ఇదివరకు ఇలా ఉండేది కాదు.

ఏటిగట్టు
బరువు రూపాయిది కాదండి. మా పక్కింట్లోనూ ఉంది ఈ పెట్టె. పిల్లలు ఇద్దరూ బయట దేశాల్లో. మొదటి నంబర్ నాది. నన్ను ఎవరూ అడగలేదు, ఆ రాత్రి ఫోన్ మోగినప్పుడే తెలిసింది. టార్చి పట్టుకుని, వానలో, గట్టు దిగి వెళ్తే ఆవిడ మంచం మీద కూర్చుని ఉన్నారు. పక్కకి ఒత్తిగిల్లినప్పుడు మీట నొక్కుకుపోయిందట. అది మొదలు. చాలాసార్లు అంతే. ఆవిడ మీద నాకు కోపం లేదు, చిన్నప్పుడు ఆవిడ చేతి ముద్ద తిన్నవాణ్ణి. ఒకసారి నిజంగానే పడ్డారు. ఆ పూట మా అమ్మని డయాలసిస్‌కి అమలాపురం తీసుకెళ్ళాను, ఫోన్ సైలెంట్లో ఉంది. పెద్దబ్బాయి ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? "అన్నయ్యా, రెస్పాన్స్ ఎందుకు లేటయింది?" అన్నాడు. రెస్పాన్స్! నేనేమైనా జీతగాణ్ణా?

ఊరొదిలి వెళ్ళినవాళ్ళు పొలం కౌలుకిచ్చి, ఇంటికి తాళం, అమ్మకి లాకెట్ వేసి వెళ్తారు. ఉన్నవాడు ఒక్కడూ అందరి అమ్మలకీ మొదటి నంబరు. మీరు ఆ రిపీటర్ బాబాయ్ గోడకి బిగించట్లేదు, ఆయన మెడకి తగిలిస్తున్నారు. పైగా ఏడాది బిల్లు ముందే ఇచ్చేస్తానంటారు.

వైనతేయ_కుర్రాడు
మీ పక్కింటివాళ్ళ కోపం నా మీద చూపిస్తున్నారు. నేను నా తల్లిని గాలికొదిలెయ్యలేదు. ఉద్యోగం మానేసి వచ్చి కూర్చోమంటారా? రమ్మంటే ఆవిడ రాదు. మా బాబాయ్ అలా లెక్కలేసే మనిషి కాదు.

ఏటిగట్టు
ఆయన్ని అడిగారా?

లంకల_గన్నవరం
తల్లిదండ్రుల్ని చూడకపోతే 2007లో చట్టం కూడా వచ్చిందండి.

పెరటి_మందారం
చట్టం ఎందుకండీ ఇక్కడ. నేను అత్తగారితో ఒకే ఇంట్లో ఉంటాను, నా ఫోను నంబరు ఏ పెట్టెలోనూ లేదు, నన్నూ ఎవరూ అడగలేదు. అందరూ మగవాళ్ళ నంబర్లే పెట్టారు, లేచి వెళ్ళేది నేను. బాబాయ్‌గారింట్లోనూ రాత్రి తలుపు తీసేది పిన్నిగారే అయి ఉంటారు. అడిగితే ఆవిణ్ణి కూడా అడగండి. పగటిపూట దొడ్లోకి వచ్చి పోయేది ఆవిడే.

ఏటిగట్టు
అది నిజమే. మా ఇంట్లోనూ ముందు లేచేది ఆవిడే, టార్చి నా చేతికిచ్చేదీ ఆవిడే.

వైనతేయ_కుర్రాడు
మాస్టారూ, పక్కింటి గోడ వద్దనుకుంటే మా వంటింటి చూరు కింద కుదురుతుందా? అక్కడ మిక్సీ ప్లగ్గు ఉంది.

రేడియో_మాస్టారు
కుదరొచ్చు. వంటింటి వెనక గోడకి బయటివైపు, షెడ్డు రేకు కన్నా ఎత్తులో, మూలకి జరిపి పెట్టండి. అక్కణ్ణుంచి బాత్రూం తలుపు కనపడుతుందా చూడండి, కనపడితే చాలావరకు పని జరిగినట్టే. మిక్సీ ప్లగ్గులో పెట్టకండి, పచ్చడి రుబ్బడానికి తీసేస్తారు. వేరే పాయింటు లాగించి, స్విచ్చి లేకుండా నేరుగా ఇప్పించండి, ఎలక్ట్రీషియన్‌కి అరపూట పని. ముందు గోడకి బిగించకుండా చేత్తో పట్టుకుని, గచ్చు మీద మనిషిని పడుకోబెట్టి మోగించి చూడండి.

పెట్టెలో సిమ్ ఫోన్ చేసే రకమే ఉంచండి, నెట్టు మీద కబురు పంపే రకానికి మారకండి. 2022 మేలో కోనసీమలో నెట్టు ఆపేసినప్పుడు మామూలు కాల్స్ వెళ్ళాయి, నెట్టు మీద వెళ్ళేవి ఆగిపోయాయి. నంబర్ల వరస మార్చడం సులువే, పెట్టెకి ఒక మెసేజి పంపితే చాలు. పుస్తకంలో ఉంటుంది.

నిబంధన_ప్రకారం
చూరు కింద బయటివైపు అంటే ఆరుబయటే అవుతుంది. 433 కుదరదు.

రేడియో_మాస్టారు
865 రకం కొంటారు లెండి.