షట్ డౌన్ కొట్టినా సీపీయూ ఆగడం లేదు, ఫార్మాట్ తప్పదా?

డీటీపీ షాపు, అనంతపురం:
టవర్ క్లాక్ దగ్గర నేనూ మా ఆయనా చూసుకునే చిన్న డీటీపీ షాపు మాది. పాత సిస్టమ్, విండోస్ 10. ఈమధ్య రాత్రిపూట షట్ డౌన్ కొడితే మానిటర్ ఆరిపోతుంది గానీ సీపీయూ ఆగదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, పవర్ లైటు వెలుగుతూనే ఉంటుంది. షట్టర్ దించే వేళకు ఎంతసేపని నిలబడాలి? బోర్డు దగ్గర స్విచ్ ఆపేసి వచ్చేస్తున్నాం. రీస్టార్ట్ మాత్రం చక్కగా అవుతుంది.

మెకానిక్ ఫార్మాట్ కొట్టాలంటున్నాడు. నా టెన్షన్ అంతా అదే. పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఫాంట్ లేకుండా పెళ్లిపత్రిక ఫైలు తెరిస్తే వధూవరుల పేర్ల చోట ఏవేవో గుర్తులు కనిపిస్తాయి. ముహూర్తాల రోజుల్లో అలా అయితే పార్టీలకు ఏం చెప్పాలి?

కర్నూలు నుంచి:
ఎస్ఎంపీఎస్, అదే సీపీయూలో కరెంటు అందించే పెట్టె, పోయినట్టుంది మేడమ్. మార్చి చూడండి.

సర్వీస్ పని, కడప:
ఎస్ఎంపీఎస్ జోలికి ఇప్పుడే పోవద్దక్కా, ఫార్మాట్ అసలే వద్దు. రీస్టార్ట్ బాగా అవుతోందన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా మూసుకోదు. తన ముఖ్యభాగాన్నీ, డ్రైవర్ల (లోపలి భాగాలను నడిపించే చిన్న ప్రోగ్రాముల) స్థితినీ హార్డ్ డిస్క్‌లో ఒక ఫైలుగా దాచుకుని, మర్నాడు దాన్నే చదువుకుని తొందరగా లేస్తుంది. రీస్టార్ట్‌లో ఈ దాచుకోవడం ఉండదు. పాత మదర్‌బోర్డుల్లో ఏదో ఒక డ్రైవర్ దీనితో పడక మధ్యలో ఇరుక్కుంటుంది.

ముందు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్ డౌన్ క్లిక్ చేయండి. అప్పుడు పూర్తిగా మూసుకుంటుంది. సీపీయూ ఆగిందంటే దొంగ దొరికినట్టే. ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డు'లోకి వెళ్లండి. పైన 'చేంజ్ సెట్టింగ్స్' అని నీలం అక్షరాల్లో ఉంటుంది, అది నొక్కితేనే కింది గడులు కదులుతాయి. 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' టిక్ తీసేసి సేవ్ చేయండి.

స్విచ్ ఆపేయడం మాత్రం మానేయండక్కా. డిస్క్ ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి. తప్పదనుకుంటే హార్డ్ డిస్క్ లైటు మిణుకుమనడం ఆగాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి.

డీటీపీ షాపు, అనంతపురం:
షిఫ్ట్‌తో ఆగింది తమ్ముడూ! టిక్ తీసేశాక మామూలుగా కొట్టినా ఆగుతోంది. పొద్దున ఆన్ అవడానికి మాత్రం కాస్త ఎక్కువసేపు పడుతోంది.

సర్వీస్ పని, కడప:
అది మామూలేనక్కా, రోజూ మొదటి నుంచీ లేవాలి కదా. మళ్లీ ఇరుక్కుంటే డివైజ్ మేనేజర్‌లో ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఇంటర్‌ఫేస్ డ్రైవర్ చూడండి, చాలాసార్లు తంటా దానితోనే. మీ మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో ఆ మోడల్‌కు ఇచ్చిందే వేయండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఎప్పటికైనా సిస్టమ్ మార్చాల్సిందే. అనూ సెటప్పూ పత్రికల ఫైళ్లూ ఈ వారంలోనే బయటి హార్డ్ డిస్క్‌లోకి ఒక కాపీ తీసుకోండి.