సింగరాయకొండలో హల్లులు ఎన్ని?

కావలి పాత బెంచీ: ఇంటర్లో మా ఇంగ్లీషు మేష్టారు క్లాసు ఆఖర్లో తమాషా పదాలు బోర్డు మీద రాసేవారు. ఏ అక్షరమూ రెండోసారి రాని పదం ఒకటి ఉండేది, పదిహేడక్షరాలన్నట్టు గుర్తు. అర్థం చర్మం, వేలిముద్రల బాపతు. '...టోగ్లిఫిక్' దాకా నోటికొస్తోంది. ముందు 'సబ్' ఉందా, లేదా? ఎవరికన్నా తెలుసా?

పొల్లు నకారం: డెర్మటోగ్లిఫిక్స్. వేళ్ల మీద, అరచేతిలో, అరికాలిలో ఉండే గీతల శాస్త్రం. కమిన్స్, మిడ్లో అనే ఇద్దరు 1926లో పెట్టిన పేరు. గ్రీకులో డెర్మా అంటే చర్మం, గ్లిఫ్ అంటే చెక్కడం. పదిహేనే అక్షరాలు. 'సబ్' గిబ్ ఏమీ లేదు.

పెన్న ఒడ్డు: తొందరపడకండి సార్. 'సబ్' తగిలిస్తే మూడక్షరాలు పెరిగి పద్దెనిమిది. అప్పుడు ఎస్ ముందోటి, వెనకోటి అవుతుంది. వెనకది తీసేయండి, సరిగ్గా పదిహేడు. చర్మం అడుగున ఉండే గీతలకు చెందినది అని విశేషణం. మేష్టారి లెక్కలో తప్పేం లేదు.

పొల్లు నకారం: ముందు అతికించి వెనక కోసేస్తే ఏ పదమైనా సాగుతుంది. అన్‌కాపీరైటబుల్ తీసుకోండి, కాపీరైటు పెట్టడానికి వీల్లేనిది అని. అదీ పదిహేనే, ఏ అతుకూ అక్కర్లేదు.

శంభుదాసి: మాకు చెప్పింది ఫెసీషియస్. ఏ, ఈ, ఐ, ఓ, యు అదే వరసలో వస్తాయి. వేళాకోళం, అదీ సమయం సందర్భం లేకుండా చేసేది. అబ్‌స్టీమియస్ కూడా అంతే, తిండి దగ్గరా తాగుడు దగ్గరా హద్దులో ఉండే మనిషి. చివర 'లీ' చేరిస్తే వై కూడా వచ్చి కూర్చుంటుంది. సరే గానీ, మన నెల్లూరు, ప్రకాశం ఊళ్ల పేర్లలో హల్లు మళ్లీ రానివి చెప్పండి చూద్దాం. అచ్చులు వదిలేద్దాం, లేకపోతే ఎవరూ మిగలరు.

పెన్న ఒడ్డు: ఇంకేం, మా నెల్లూరు పాత పేరు విక్రమసింహపురి! తిక్కన నడిచిన నేల.

శంభుదాసి: క్ర లో ర, రి లో ర. మొదటి అడుగులోనే అవుట్ అన్నా.

పెన్న ఒడ్డు: ఒకటి క్రావడి, ఒకటి నిండు రేఫ. రూపం వేరు కదబ్బా!

పొల్లు నకారం: చెవికి క్రావడి ఏంది, రేఫ ఏంది? ఆ లెక్కన మకార పొల్లు వేరే హల్లు అంటారు రేపు.

శంభుదాసి: మా ప్రకాశంలో చీమకుర్తి ఉంది. చ, మ, క, ర, త. అచ్చులు కూడా ఈ, అ, ఉ, ఇ, ఒక్కటీ తిరిగి రాలేదు. గ్రానైటు రాయంత గట్టి పేరు. హల్లులే కావాలంటే సింగరాయకొండ. స, గ, ర, య, క, డ. ఆరు. దాన్ని దాటండి.

గ్రంథాలయం మెట్లు: మా వేటపాలెం? వ, ట, ప, ల, చివర మకారం. ఏ, అ, ఆ, ఎ. అచ్చూ హల్లూ ఏదీ మళ్లీ రాదు. సారస్వత నికేతనం గ్రంథాలయం ఉన్న ఊరు, 1918 నుంచి అక్షరాల మధ్యే బతుకుతోంది.

పెన్న ఒడ్డు: వేటపాలెం 2022లోనే బాపట్ల జిల్లాలోకి పోయింది. పోటీకి చెల్లదు.

గ్రంథాలయం మెట్లు: జిల్లా మారితే అక్షరాలు మారతాయా?

కావలి పాత బెంచీ: 'సబ్' నిఘంటువులో ఉందా లేదా అదొక్కటి తేల్చండి...

పొల్లు నకారం: ఆగండి. సింగరాయకొండకు ఆరన్నారు, రెండు సున్నలు ఎక్కడ దాచారు? సున్నను సున్నగానే చూస్తే రెండుసార్లు వచ్చింది, పేరు పోటీలోంచి పోయింది. విప్పి చదివితే సిఙ్గరాయకొణ్డ. గ ముందు ఙ, డ ముందు ణ. అప్పుడు స, ఙ, గ, ర, య, క, ణ, డ. ఎనిమిది, అన్నీ వేరు.

శంభుదాసి: మేష్టారూ, మీ నోట్లో పంచదార పొయ్యాలి. ఎనిమిది!

పెన్న ఒడ్డు: అన్యాయం. ఙ ని ఇప్పుడెవరు రాస్తున్నారు? పైగా విప్పడమంటూ మొదలెడితే సింహపురి సున్న కూడా విప్పండి.

పొల్లు నకారం: విప్పుడు పడదు. వెనక హ ఉంది. శ, ష, స, హ ల ముందు సున్న పరసవర్ణం (వెనక హల్లు వర్గపు ముక్కు అక్షరం) కాదు, సున్నగానే ఉండిపోతుంది.

శంభుదాసి: దీనికి మా ఎఱ్ఱన కంటే సాక్ష్యం ఎవరు? నన్నయ 'శారదరాత్రు'ల దగ్గర ఆపేస్తే, అరణ్యపర్వం మిగతాది ఎత్తుకుంటూ రాసిన పద్యం చూడండి. 'స్ఫురదరుణాంశురాగరుచిఁ బొంపిరివోయి'. అంత చిన్న ముక్కలో మూడు రకాలు పెట్టాడు. 'ణాంశు'లో సున్న విప్పడానికి లేదు. 'బొంపి'లో విప్పితే మకారం. మధ్యలో 'రుచిఁ' దగ్గర అరసున్న, అది ద్రుతం, అంటే పదం చివరి నకారం, కరిగిన గుర్తు, అందుకే పొంపిరి బొంపిరి అయింది. పైకి చదివి చూడండి, మూడు చోట్లా ముక్కు మూడు రకాలుగా పలుకుతుంది. తెల్లవారుతున్న ఎరుపు గురించి చెబుతూ ఆ మొదటి పది అక్షరాల్లో రేఫ ఎన్నిసార్లు దొర్లించాడో చూశారా! ప్రబంధపరమేశ్వరుడని ఊరికే అన్నారా?

పెన్న ఒడ్డు: తిక్కన ఒక్క వచనం ముక్క లేకుండా ఉత్తర రామాయణం అంతా నడిపి నెల్లూరు రాజు మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. నియమం అంటే అదీ. రేఫలు దొర్లించడం కాదు.

శంభుదాసి: ఆయన నియమం వచనం మీద, మన పోటీ హల్లు మీద. జారిపోకండి.

గ్రంథాలయం మెట్లు: హల్లు నియమం అంటే సంస్కృత కవి భారవి. కిరాతార్జునీయం పదిహేనో సర్గలో శ్లోకమంతా నకారమే, 'న నోననున్నో నున్నోనో' అంటూ. చివర మాత్రం 'నున్ననున్ననుత్'. ఆ త్ సంగతేంటి? పాదాంతంలో పొల్లు లెక్కలోకి రాదని పెద్దలు సర్దేశారు. పొల్లుకే ఆ మినహాయింపు ఉంటే, నా వేటపాలెం చివరి సున్నకూ వర్తించాలి.

పొల్లు నకారం: వర్తిస్తే మీకే నష్టం. అయిదు కాస్తా నాలుగవుతాయి. సున్నను 'ము' చేసి వేటపాలెము అని రాయండి, హల్లులు అయిదు, అచ్చులు అయిదు.

గ్రంథాలయం మెట్లు: బస్సు బోర్డు మీద ఎవరండీ 'పాలెము' అని రాసేది!

పెన్న ఒడ్డు: దొరికింది. మా వెంకటాచలం. మీ పద్ధతిలోనే విప్పుతున్నా: వ, ఙ, క, ట, చ, ల, చివర మ. ఏడు!

శంభుదాసి: ఏడు ఎనిమిది కంటే తక్కువ అన్నా. పైగా చివరి సున్న భారవి త్ లెక్కలో ఎగిరిపోతే ఆరే.

పెన్న ఒడ్డు: భారవి నెల్లూరోడు కాదు, ఆయన రూలు మాకెందుకు? మనుబోలు, జలదంకి, వింజమూరు ఇంకా లెక్క కట్టలేదు. రాత్రికి మండలాల జాబితా ముందేసుకుని కూర్చుంటా.