విండోస్ పక్కన ఉన్న ఉబుంటుకి బ్యాకప్ ఎలా తీయాలి?

అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 పక్కనే 120 జీబీలో ఉబుంటు 24.04 (లినక్స్) వేసుకున్నాను. మా తాతయ్య పద్యాల నోటుపుస్తకాలు స్కాన్ చేసి టైపు చేస్తున్నదంతా ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోనే ఉంది. అది పోతే మళ్లీ రాదు. టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ పెట్టాను గానీ, మనం మార్చకపోతే అది హోమ్‌ని వదిలేసి సిస్టమ్ ఫైళ్లే దాస్తుందని ఆలస్యంగా తెలిసింది. పైగా నా ఎక్స్‌టర్నల్ డిస్క్‌ది విండోస్ ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌, టైమ్‌షిఫ్ట్‌కేమో ఈఎక్స్‌టీ4 లాంటి లినక్స్ ఫార్మాట్ కావాలి.

డిస్క్‌లో కొంత భాగం ఈఎక్స్‌టీ4 చేసి హోమ్‌ని ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో విడిగా కాపీ చేసుకోమంటారా, లేక క్లోనెజిల్లా అనే టూల్‌తో ఇమేజ్ (పార్టిషన్ మొత్తానికి నకలు) తీయడమే మేలా? ఇమేజ్ అయితే ఉబుంటు పార్టిషన్ ఒక్కటే సరిపోతుందా, రెండు సిస్టమ్‌లూ బూట్ అవడానికి వాడుకునే ఈఎఫ్‌ఐ పార్టిషన్ కూడా తీయాలా? రీస్టోర్ చేసేటప్పుడు విండోస్ బూట్ దెబ్బతింటుందేమోనని భయంగా ఉంది. నిజంగా రీస్టోర్ చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.