సిమెంటు రేటు అందరూ ఒకేసారి పెంచితే సిండికేటేనా?

గుంటూరు బిల్డర్: మా బిల్డర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఫిర్యాదు మీద, మార్కెట్లో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2012 జూన్‌లో 11 సిమెంటు కంపెనీలకు సుమారు 6,300 కోట్ల జరిమానా వేసింది. ఏం లాభం? ఇప్పటికీ అన్ని బ్రాండ్లూ ఒకే వారంలో పెంచుతాయి. సిండికేటు కాక ఇదేంటి?

నల్గొండ డీలర్: ఒకే వారంలో పెరిగితే సిండికేటా? మా వీధిలో ఒక టిఫిన్ సెంటరు దోశ మీద ఐదు రూపాయలు పెంచితే మర్నాడు ఎదురు సెంటరూ పెంచింది. వాళ్లిద్దరికీ మాటల్లేవు.

లెక్కల మాస్టారు: అమ్మేవాళ్లు కొద్దిమందై, సరుకు ఒకటే అయితే మాట్లాడుకోకుండానే రేట్లు కలిసి నడుస్తాయి. అంతవరకు డీలర్ గారు కరెక్టే, అది నేరం కాదు. కానీ కమిషన్ చూసింది రేట్లొక్కటే కాదు. ప్లాంట్లు చేయగలిగినదాంట్లో నిజంగా ఎంత తయారు చేశాయన్న లెక్క, అంటే సామర్థ్య వినియోగం, 2009-10లో 83 శాతం ఉంటే 2010-11లో 73కి పడిపోయింది. ప్లాంటు ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు బస్తా మీద పది తగ్గించి పక్కవాడి గిరాకీ లాక్కోవాలి కదా. ఎవరూ ఆ పని చేయలేదంటే, తగ్గిస్తే మిగతా కంపెనీలకు వెంటనే దొరికిపోతామన్న భయమైనా ఉండాలి. ఎవరెంత ఉత్పత్తి చేశారు, ఎంత పంపారు అన్న లెక్కలన్నీ తయారీదారుల సంఘం దగ్గరే పోగవుతాయి మరి. 2011 జనవరి, ఫిబ్రవరిలో ఆ సంఘం హైపవర్ కమిటీ కూర్చున్నాక రేట్లు పెరిగాయని కూడా కమిషన్ రాసింది.

నల్గొండ డీలర్: రేట్ల వివరాలు సేకరించమన్నది కేంద్ర ప్రభుత్వ శాఖేనని సంఘం చెప్పింది, అది రాయరేం? 2015లో ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వు కొట్టేసింది కూడా.

గుంటూరు బిల్డర్: కొట్టేసింది వాదనలు వినని కమిషన్ ఛైర్మన్ ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టారని. సాక్ష్యం లేదని కాదు! 2016లో కమిషన్ మళ్లీ విని మళ్లీ జరిమానా వేసింది. 2018లో అప్పీలు ట్రిబ్యునల్ సమర్థించింది.

నల్గొండ డీలర్: ఆ తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లారుగా. అదీ రాయండి.

ఇల్లు కడుతున్నా: ఎవరు గెలిచినా నా బస్తా రేటు తగ్గలేదు.

గుంటూరు బిల్డర్: నేను ఫ్లాట్లు ముందే రేటు మాట్లాడి అమ్మేశాను. మధ్యలో సిమెంటు పెరిగింది. కొన్నవాళ్లను అదనంగా అడగలేను, అంతా నా జేబులోంచే పోయింది. కంపెనీల తొత్తులకు ఇది అర్థం కాదు.

నల్గొండ డీలర్: నోరు అదుపులో పెట్టుకోండి. మీ బిల్డర్లు కూర్చుని చదరపు అడుగు ఇంతకి తగ్గకూడదని అనుకోరా?

గుంటూరు బిల్డర్: అది వేరు. అది మార్కెట్ రేటు.

ఇల్లు కడుతున్నా: 😂😂

నల్గొండ డీలర్: సరే, సూటిగానే చెప్తా. రేటు పడిపోయినప్పుడు పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, చిన్న ప్లాంటు మూతపడుతుంది. మా బావ పని పోయింది అలాగే. ప్యాకింగ్‌లో చేసేవాడు, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. నలుగురూ మాట్లాడుకుని రేటు నిలబెడితే తప్పేంటి?

లెక్కల మాస్టారు: ఇంతసేపూ సిండికేటు లేదన్నారు, ఇప్పుడు ఉంటే మంచిదే అంటున్నారు. కాంపిటీషన్ చట్టంలో సెక్షన్ 3 దీన్ని ఒప్పుకోదు. పోటీదారులు రేటు మాట్లాడుకున్నట్టు తేలితే చాలు, పోటీకి హాని జరిగిందనే అనుకుంటుంది. కాదని చూపించుకోవాల్సింది కంపెనీలే. పైగా నిలబడ్డ రేటుతో చిన్న ప్లాంటు బతుకుతుందని ఏం గ్యారంటీ? ఆ లాభంతో పెద్దవాళ్లే దాన్ని కొనేయొచ్చు.

నల్గొండ డీలర్: కొంటే కొననివ్వండి సార్. ప్లాంటు నడుస్తుంది, మావాళ్లకు పని ఉంటుంది.

గుంటూరు బిల్డర్: మీవాళ్ల జీతాలు నా బస్తాలోంచి కట్టాలా?

ఇల్లు కడుతున్నా: మీ బస్తా కూడా చివరికి మా చదరపు అడుగులోంచే కదా సార్.